బస్సులో బ్యాలే పాఠం

గుడివాడలో అవనిగడ్డ బస్సెక్కితే, నా పక్కన నాట్యపోటీకి వెళ్తున్న తల్లీకూతుళ్లు కూర్చున్నారు. తల్లి ఒడిలో బండిచక్రమంత ఇత్తడి పళ్లెం. దాని అంచు మీద ఆడీ ఆడీ పిల్ల పాదాలు గుమ్మడికాయల్లా వాచాయి. దారిపొడవునా తల్లి ఫోనులో పిల్లకి, మునివేళ్ల మీద ఆడే విదేశీ నాట్యం, ఒక బ్యాలే సినిమా చూపిస్తోంది.

"చూడవే, ఆ అమ్మాయి గోళ్లు ఊడినా నవ్వుతోంది. నువ్వేమో కట్టు కట్టించుకుని ఏడుస్తున్నావు!"

నేను ఉండబట్టలేకపోయాను. "అమ్మా, అది పాఠం కాదండీ, భయపెట్టే సినిమా. చివరికి ఆ పిల్లకు పిచ్చెక్కుతుంది."

"అది సరే అన్నయ్యగారూ, చప్పట్లు పడ్డాయా లేదా?"

"హాలు కూలిపోయేలా పడ్డాయండీ."

పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. కడ్డీ పట్టుకుని, ఆ కట్లతోనే మునివేళ్ల మీద నిలబడింది. నేనెంత బతిమాలినా దిగేదాకా కూర్చోలేదు.