దోమతెర గుడ్డ, తిరుగుడు స్టాండు

1992 జూలైలో నాకు రాజమండ్రిలో తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరుగా పోస్టింగు వచ్చింది. అంతకు ముందు నాలుగేళ్ళు తునిలో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. మా నాన్న కడియం నర్సరీల్లో అంట్లు కట్టే కూలీ. ఫిజిక్సుతో బీఎస్సీ పాసైనవాళ్ళే ఈ ఉద్యోగానికి అర్హులని నోటిఫికేషన్‌లో చూసినప్పుడు, ఆ లైను నా కోసమే రాశారేమో అనుకున్నాను. ఆర్డరు చేతికొచ్చిన రోజు బస్సులో పక్కన కూర్చున్న ఆవిడకి కూడా చూపించాను. ఆవిడ ఎవరో నాకు తెలియదు.

ఇన్‌స్పెక్టరుకి ఇచ్చే సామాన్లలో ముఖ్యమైనది ప్రామాణిక మీటరు. టేకు పెట్టెలో మఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టిన లోహపు బద్ద అది. దుకాణాల్లో వాడే మీటరు బద్దల్ని దానితో పోల్చి చూసి, సరిగ్గా ఉంటే రెండు చివర్లా ముద్ర కొడతాం. చివర అరగదీస్తే ముద్ర కూడా అరుగుతుంది కాబట్టి మోసం బయటపడుతుంది. మొదటి రోజు ఆ పెట్టె ఇంటికి తీసుకెళితే అమ్మ పసుపు రాసి బొట్టు పెట్టబోయింది. “అమ్మా, దాన్ని వేలితో కూడా ముట్టుకోకూడదే!” అని అరిచాను. అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, “అయితే పెట్టెకి పెడతాలే” అంది.

ఆగస్టులో ఒక ఫిర్యాదు వచ్చింది. రాసింది సత్యవతి గారని, ఇంట్లో దోమతెరలు కుట్టి అమ్మే ఆవిడ. మెయిన్ రోడ్డులో ఒక బట్టల షాపులో పది మీటర్ల దోమతెర గుడ్డ కొంటే రెండుసార్లూ దాదాపు అరమీటరు తగ్గిందట. “ఒకసారైతే నా కత్తెర తప్పనుకుందును” అని రాశారు. ప్రతి తెరకీ కింద ఒక అతుకు వెయ్యాల్సి వస్తోందట.

ఇలాంటి ఫిర్యాదు వస్తే మేము ముందు టెస్ట్ పర్చేజ్ చేస్తాం. అంటే మామూలు కొనుగోలుదారులా వెళ్ళి సరుకు కొని, చేతికిచ్చాక ఐడెంటిటీ కార్డు చూపించి, ఇద్దరు సాక్షుల ఎదుట మళ్ళీ కొలుస్తాం. ఆ సాక్షుల్ని పంచులంటారు. బట్టల షాపులో ఒక ఆడమనిషిని ఇన్‌స్పెక్టరని ఎవరూ అనుకోరు. ఆ సంగతి తలుచుకుని నేను షాపు మెట్లెక్కుతూనే సంబరపడ్డాను.

షాపులో ఒక పక్క చీరలకి పరుపులు వేసి ఉన్నాయి. రెండో పక్క మీటర్ల లెక్కన కోసి అమ్మే గుడ్డలు. అక్కడ కౌంటరు పక్కన ఒక తిరుగుడు స్టాండు నిలబడి ఉంది. నిలువెత్తు ఇనప గొట్టం, కింద బాల్‌బేరింగుల మీద గుండ్రటి పళ్ళెం, గొట్టం చుట్టూ పన్నెండు నిలువు ఊచలు. ఒక్కో ఊచకి ఒక్కో తాను, అంటే మిల్లు నుంచి వచ్చిన గుడ్డ చుట్ట, నిలబెట్టి ఉంది. వేలితో తోస్తే స్టాండంతా తిరిగి కావలసిన తాను కౌంటరు ముందుకొస్తుంది. కొస పట్టుకు లాగితే ఆ తాను ఒక్కటే తన ఊచ మీద తిరుగుతూ విప్పుకుంటుంది. షాపు యజమాని కోటేశ్వరరావు గారు మద్రాసులో ఎక్కడో చూసొచ్చి, ఇక్కడ లేతు షెడ్డులో చేయించారు. వెండి రంగు వేయించి, దండ కూడా వేశారు.

కౌంటరులో ఉన్న సేల్స్‌మన్ పేరు వీర్రాజు. యాభై దాటిన మనిషి, చెవి మీద పెన్సిలు.

“దోమతెరకాండి? మంచం ఎంతదండి?”

డబుల్ కాట్ అన్నాను.

“ఆయ్, పది మీటర్లు పడద్దండి. దగ్గర నేత తీసుకోండమ్మా. పల్చటిదైతే మన గోదారి దోమలు మోకాళ్ళతో తోసుకుని లోపలికొచ్చేత్తాయి.”

టెస్ట్ పర్చేజ్‌లో ఇన్‌స్పెక్టరు నవ్వొచ్చో లేదో ట్రైనింగులో చెప్పలేదు. కష్టపడి ఆపుకున్నాను. ఆయన స్టాండు తిప్పి, అది మళ్ళీ తిరక్కుండా ఎడమకాలు పళ్ళేనికి అడ్డంపెట్టి, కౌంటరు అంచుకి బిగించిన ఇత్తడి మీటరు వెంట గుడ్డని లాగుతూ కొలిచాడు. “లాభం, రెండు, మూడు...” పది అయ్యాక నాలుగువేళ్ళ వెడల్పు కలిపి, “ఇది కొసరండి” అని కత్తెర వేశాడు.

నేను కార్డు చూపించాను. పక్క స్టీలు సామాన్ల కొట్టు సూర్యనారాయణ గారినీ, ఎదుటి చెప్పుల కొట్టాయన్నీ పంచులుగా పిలిపించేసరికి అరగంట పట్టింది. గుడ్డని బల్ల మీద సాగదీయకుండా పరిచి, నా ప్రామాణిక మీటరుతో కొలిచాను. కొసరుతో కలిపి తొమ్మిది మీటర్ల యాభై అయిదు సెంటీమీటర్లు వచ్చింది. షాపు మీటరుని పరీక్షిస్తే వెంట్రుకవాసి తేడా లేదు, ముద్రా గడువులోనే ఉంది. కొలబద్ద సరిగ్గా ఉండి గుడ్డ తగ్గితే ఇంకేం మిగిలింది? చెయ్యి మిగిలింది. చేతివాటం అని తేల్చేశాను.

కోటేశ్వరరావు గారు గల్లాపెట్టె దగ్గర్నుంచి లేచి వచ్చారు. “పాతికేళ్ళు నా షాపులో తిని ఇదా నువ్వు చేసేది? రేపట్నుంచి మెట్టెక్కావంటే బాగోదు” అని కొనడానికి వచ్చినవాళ్ళందరి ముందూ అన్నారు. వీర్రాజు నా వైపు తిరిగి, “అది బిగుసుకుని వత్తందండి అమ్మా, ఆ ఊచ...” అంటూ ఏదో మొదలుపెట్టాడు. అడిగినదానికి జవాబు చెప్పమన్నాను. స్టేట్‌మెంట్ ఫారంలో మూడే ప్రశ్నలు. కొలిచింది ఎవరు? దేనితో? ఎవరి సమక్షంలో? ఆయన జవాబులు చెప్పాడు, నేను రాశాను, ఆయన సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం కడియం బస్సు దిగింది మొదలు మా వీధి మొగదాకా అందరికీ చెప్పాను. నా మొదటి కేసు! షాపు పేరు చెప్పాను, వీర్రాజు పేరు చెప్పాను. కొసరు వేసి మరీ మోసం చేశాడని చేతులు తిప్పి చూపించాను. అమ్మ పొంగిపోయింది. నాన్న మాత్రం, “ఏ వీర్రాజు?” అని అడిగాడు.

మర్నాడు పొద్దున్న రిపోర్టు మా అసిస్టెంట్ కంట్రోలర్ గారికిచ్చాను. ఇన్‌స్పెక్టర్ల మీద అధికారి ఆయన. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చదువుతారు. చదివి, “ఈ కొసరు ఎంతమ్మా?” అన్నారు.

“నాలుగువేళ్ళండి.”

“అరమీటరు కాజేసేవాడు నాలుగువేళ్ళు వెనక్కెందుకిస్తాడు?”

“నమ్మించడానికేమోనండి.”

“కావచ్చు. గుడ్డ ఎక్కణ్ణించి లాగాడు?”

“స్టాండు మీంచండి.”

“స్టాండుని చూశావా?”

“దానికి మనం ముద్ర వెయ్యం కదండీ.”

“ముద్ర వెయ్యం. చూడొద్దని ఎవరన్నారు?” అని రిపోర్టు నాకే తిరిగిచ్చారు. గుడ్డ ఎలా తగ్గిందో రాసి తీసుకురమ్మన్నారు, ఎవరు తగ్గించారో ఆ తర్వాత రాయొచ్చన్నారు.

ఆ రోజు నాన్న పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ చెప్పాడు. “వీర్రాజు తమ్ముడు మాతోనే మొక్కల కవర్లకి మట్టి నింపుతాడమ్మలూ. నిన్న నువ్వు చెప్పింది పొద్దున్నకి నర్సరీ అంతా తెలిసింది. ఒకడు ‘ఏరా, కవరుకి గుప్పెడు మట్టి తగ్గించి నింపుతున్నావా, మీ ఇంటి విద్యేగా’ అన్నాడు. ఆడు మధ్యాహ్నం కేరేజీ విప్పలేదు.”

నాన్న తువ్వాలు భుజాన వేసుకుని, “నిజమేనా అది?” అన్నాడు. రేపు మళ్ళీ షాపుకెళ్ళి చూస్తానన్నాను. అప్పటికి ఒక రోజు ముందు ఆ ప్రశ్న అడిగి ఉంటే నిజమేనని గట్టిగా అనేదాన్ని.

తెల్లవారి పంచులిద్దర్నీ మళ్ళీ పిలిచి షాపుకి వెళ్ళాను. వీర్రాజు లేడు. కౌంటరులో కోటేశ్వరరావు గారే ఉన్నారు. ఆయన్నే పది మీటర్లు కొలిచి కోయమన్నాను. ఆయన హుషారుగా స్టాండు తిప్పి, కాలు అడ్డంపెట్టి, బలంగా లాగి కొలిచారు. గుడ్డని బల్ల మీద వదిలి అరగంట ఊరుకున్నాను. పంచులు కాఫీ తాగారు. కొలిస్తే తొమ్మిది మీటర్ల ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు.

సూర్యనారాయణ గారు కాఫీ గ్లాసు దించి, “ఏంటండి కోటేశ్వర్రావు గారూ, చేతివాటం మీకూ ఉందే! పైగా మీ చేతిలో కొసరు కూడా లేదు” అన్నారు. చెప్పుల కొట్టాయన నవ్వాపుకోలేకపోయాడు. కోటేశ్వరరావు గారు స్టాండు వైపూ, తన చేతుల వైపూ చూసుకున్నారు.

ఆ తానుని ఊచ మీంచి తీయించి పరుపు మీద విప్పించాను. వదులుగా పరిచి షాపు మీటరుతోనే పది మీటర్లు కొలిచి కోయించి, నా మీటరుతో చూస్తే పదికి పదీ ఉంది. ఊచ పట్టుకు చూస్తే తుప్పు పట్టి ఉంది. తాను దాని మీద తేలిగ్గా తిరగడం లేదు, బలంగా లాగితేనే కదులుతోంది. దోమతెరంటే అంతా కన్నాలే కదా, లాగినకొద్దీ పొడుగు సాగి వెడల్పు తగ్గుతుంది. కత్తెర పడ్డాక నెమ్మదిగా మళ్ళీ దగ్గరవుతుంది. మిగతా తానులు షర్టింగు, లైనింగు గుడ్డలు. అవి అంతగా సాగవు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సాగే గుణం మీద బీఎస్సీలో నాకు ఒక పాఠమే ఉంది. పరీక్షలో బాగానే రాశాను కూడా.

ఊచలకి నూనె ఎందుకు వేయించలేదని యజమానిని అడిగాను. “నూనె చుక్క పడితే తెల్ల గుడ్డ తానంతా పోద్ది కదండీ. ఆ ఊచల దగ్గరికి నూనెడబ్బా రానివ్వొద్దని నేనే చెప్పాను” అన్నారు.

చట్టంలో ఉద్దేశంతో పని లేదు. చెప్పిన కొలత కంటే తక్కువ ఇస్తే బాధ్యత యజమానిదే. ఆయన తప్పు ఒప్పుకున్నారు. కోర్టుకి వెళ్ళకుండా శాఖలోనే ముగించే పద్ధతి ఒకటుంది, కాంపౌండింగ్ అంటారు. కేసు అలా ముగిసింది. సత్యవతి గారికి తగ్గిన గుడ్డ ఇప్పించాం. సేల్స్‌మన్ తప్పేమీ లేదని రిపోర్టులో రాశాను. అసిస్టెంట్ కంట్రోలర్ గారు కళ్ళజోడు పైకి తోసి చదివి, సంతకం పెట్టారు. వీర్రాజుని పనిలోకి రమ్మని కోటేశ్వరరావు గారు కబురు పంపారు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాన్న, “మొన్న ఎంత గట్టిగా చెప్పావో, ఇదీ అంత గట్టిగా చెప్పాలి కదమ్మా” అన్నాడు. ఆదివారం నర్సరీలో అందరూ కేరేజీలు విప్పే వేళకి వెళ్ళాను. నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పాను, నేను పొరపాటు పడ్డానని కూడా. వీర్రాజు తమ్ముడు ఒక్కడే లేచి, చేతి మట్టి దులుపుకుని, “ఇది మా అన్నయ్యతో చెప్పారాండి?” అన్నాడు.

ఇంకా లేదన్నాను.

“ముందక్కడ కదండీ చెప్పాలి” అని మళ్ళీ కూర్చున్నాడు.

అటునుంచి అటే రాజమండ్రి వెళ్ళాను. వీర్రాజు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కుర్చీ తెప్పించి వేశాడు, మంచినీళ్ళిప్పించాడు. నేను చెప్పిందంతా విని, “ఆయ్, తెలిసిందండి. షాపు నుంచి కబురొచ్చింది” అన్నాడు. మరి వెళ్ళలేదేమని అడిగాను.

“ఎలా వెళ్తానండి? నేను సంతకం పెట్టిన కాగితంలో ఏవుందండి? కొలిచింది నేనే, మీటరు ఇదే, గుడ్డ తగ్గింది. అది చదివినోడు నన్ను దొంగనకుండా ఏవంటాడు? బిగుసుకుని వత్తందని మీకు చెప్పబోయాను, మీరు రాసుకోలేదండి. రెండు నెలల ముందు మా షావుకారికీ చెప్పాను. స్టాండు మీద చెయ్యేస్తే చెయ్యి విరగ్గొడతానన్నాడు. ఆ రెండు ముక్కలూ ఆ కాగితంలో ఉండాలండి. అప్పుడెళ్తాను.”

మొదటి స్టేట్‌మెంటుని చించడానికి వీల్లేదు. ఫైల్లోకి వెళ్ళిన కాగితం ఫైల్లోనే ఉండాలి. రెండోది తీసుకోవచ్చని అసిస్టెంట్ కంట్రోలర్ గారు చెప్పారు. సోమవారం వీర్రాజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆఫీసుకి వచ్చాడు. ఆయన చెబుతూ ఉంటే నేను రాశాను. నా మాట ఒక్కటీ కలపలేదు. పూర్తయ్యాక చదివి వినిపించమన్నాడు, వినిపించాను. ఒకచోట ఆపి, “విరగ్గొడతానన్నాడని కాదండి, అన్నారని రాయండి. ఎంతైనా షావుకారు కదండీ” అని సరిచేయించాడు. సంతకం పెట్టి, ఆఫీసు గడియారం చూసి, షాపు తెరిచే వేళైందని వెళ్ళిపోయాడు. దోమతెర తానుని మాత్రం ఆ రోజు నుంచి పరుపు మీదే విప్పి కొలిచారు.

ఆ తర్వాత ముప్పై ఏళ్ళకి పైగా చేశాను ఉద్యోగం. పెట్రోలు బంకులు, వేబ్రిడ్జిలు, బంగారం తక్కెడలు ఎన్నో చూశాను. కొలిచే సాధనం సరిగ్గా ఉన్నంత మాత్రాన కొలత సరిగ్గా ఉన్నట్టు కాదని నేర్చుకున్నాను. సరుకు ఆ సాధనం దాకా ఎలా వస్తుందో ప్రతిసారీ విడిగా చూసేదాన్ని. కేసు ముగిసేదాకా ఏ మనిషి పేరూ ఆఫీసు దాటి బయట చెప్పలేదు, ఇంట్లో కూడా. స్టేట్‌మెంట్ ఫారంలో మూడు ప్రశ్నలూ అయ్యాక, కింద చేత్తో నాలుగోది రాసేదాన్ని. “ఇది ఎలా జరిగిందని మీరనుకుంటున్నారు?” ఆ ప్రశ్నకి చాలాసార్లు అబద్ధమే జవాబుగా వచ్చింది. అయినా అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసి, చదివి వినిపించాకే సంతకం పెట్టించుకున్నాను.