ముందు ఒక తట్టకేసి చూసుకో

చిక్కబళ్ళాపురంలో మా కూతురింటి తలుపు మీద ఈ మధ్య కెమెరా పెట్టించారు. బెల్లు మోగితే మా అమ్మాయి వెంటనే లేవదు. ఫోనులో వచ్చినవాళ్ళ ముఖం చూసుకుని, వీళ్ళెందుకొచ్చారో, ఏమడగబోతారో అని మాతో నాలుగు మాటలు అనుకుని, ఆ తరువాత తలుపు తీసి అయ్యో రండి రండి అని నవ్వుతుంది. తప్పని నేననను. ఊరికే మనుషులను నమ్మేయమని చెప్పేదాన్ని కాను, ఆ మాటకొస్తే నాకు అనుమానం పాలు కొంచెం ఎక్కువే. కాని అనుమానపడడానికి కూడా ఒక పద్ధతుందని మా అత్త దగ్గర నేర్చుకున్నాను. నా వయసువాళ్ళకు ఆ సంగతి చెబితే ఇట్టే తెలుస్తుంది.

చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన రోజులవి. చింతామణి దగ్గర మా పల్లెలో మేము పట్టుపురుగులు మేపేవాళ్ళం. తెగులుకూ ఘాటు వాసనకూ భయపడి పురుగుల ఇంట్లోకి పరాయివాళ్ళను రానివ్వకపోవడం అందరికీ ఉన్న అలవాటే. మా అత్త మాత్రం సొంతవాళ్ళను కూడా గడప దగ్గరే నిలబెట్టి, యాడ నుంచి వస్తాండావు, కాళ్ళు కడిగినావా, తలకు వాసన నూనె ఏమన్నా రాసినావా అని అడిగితే గాని లోపలికి వదిలేది కాదు. నన్నూ అడిగేది, తన కొడుకునూ అడిగేది, ఎవరమూ రోషపడేవాళ్ళం కాము.

ఆ యేడు బోరు మోటారు కాలిపోయి పురుగులకు వేసే మా మల్బరీ ఆకుతోట సగానికి సగం ఎండింది. సరిగ్గా అప్పుడే పురుగులు నాలుగో జ్వరం లేచాయి. జ్వరమంటే పొర విడవడానికి మేత మాని పడుకోవడం. నాలుగోది లేచాక వాటి ఆకలికి అంతుండదు, గూడు కట్టేదాకా పూటపూటకూ బుట్టలకు బుట్టలు ఆకు పడాల్సిందే, లేకపోతే అంతవరకూ చేసిన చాకిరీ మన్నుపాలే. అంతకు ముందు పంట కూడా పోయింది కనుక, ఇదీ పోతే తోట పీకేసి బెంగళూరికి కూలికి పోదామని మా ఆయన అప్పటికే అంటున్నాడు. ఊరంతా తిరిగినా మాకు ఆకు పుట్టలేదు.

ఆ మధ్యాహ్నం మా తోడికోడలు ఆకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చింది. వేరుపడినప్పుడు గట్టు దగ్గర జరిగిన గొడవతో ఆమెకూ మాకూ మాటల్లేవు. అడగకుండా తెచ్చింది, అదే నాకు గుచ్చుకుంది. తనింట్లోనూ పురుగులున్నాయే, వాటి నోటి దగ్గరిది మాకెందుకు తెచ్చినట్టు, ఊళ్ళో మంచిపేరుకా, రేపు గట్టు మావైపు జరపడానికా, లేక ఆకులోనే ఏమైనా ఉందా అని నా బుర్రలో ఒకదాని వెనక ఒకటి పుట్టుకొస్తున్నాయి. పైకి మాత్రం నవ్వి మోపుకు చెయ్యి వేశాను.

అత్త నవ్వలేదు. "ఏమ్మా, ఆకుమీద మందు గిందు ఏమన్నా పడిండాదా?" అని ముఖం మీదే అడిగేసింది. నాకు తల తీసేసినట్టయింది. తోడికోడలి ముఖం కందిపోయింది గాని మోపెత్తుకుని పోలేదు. "నాకు తెలిసి పడలేదత్తా. ముందు ఒక తట్టకేసి చూసుకో, నేనీడే కూర్చుంటా" అంది. అత్త పురుగులున్న ఒక తట్టను వసారాలోకి తెచ్చి ఆకు వేసి, కోడలికి కాఫీ ఇవ్వమని నాతో చెప్పింది. ముగ్గురం ఆ తట్ట చుట్టూ కూర్చున్నాం. లోపల తక్కిన పురుగులు ఆకలికి తలలెత్తి వెతుక్కుంటున్నాయి, ఆకు చేతికందే దూరంలో ఉన్నా వేయడానికి లేదు.

కొంతసేపటికి ఆ తట్టలో పురుగులు మేత వదిలి తలలు అటూ ఇటూ కొట్టుకుంటూ పచ్చటి రసం కక్కాయి. చూశావా నేననుకున్నదే అయిందని తోడికోడలి వంక చూశాను. ఆమె నన్ను చూడనే లేదు, లేచి చెప్పులు కూడా వేసుకోకుండా తనింటికి పరుగెత్తింది. అదే మడి ఆకును తన పురుగులకు వేయమని మా మరిదికి చెప్పి వచ్చిందట. పక్క పొలం గుత్తకు తీసుకుని టమోటా పెట్టినవాడు ముందురోజు మందు కొట్టాడు, గాలికి అది ఆకు మీద పడింది, ఈమెకు తెలియదు. ఆమె పోయేసరికే మరిది కొన్ని తట్టలకు వేసేశాడు, అవి పోయాయి, మిగిలినవి దక్కాయి.

సాయంత్రం ఆమే దూరపు మడిలో ఆకు కోసి మళ్ళీ తెచ్చింది. అత్త దాన్నీ ఒక తట్టకు వేసి చూసింది, మళ్ళీ కాఫీలు తాగాం. ఈసారి పురుగులు చక్కగా మేశాయి, గూడు కట్టేదాకా ఆమె ఆకు తెస్తూనే ఉంది. గూళ్ళు అనుకున్నదానికంటే తక్కువే వచ్చాయి గాని, మా తోట పీకే మాట మళ్ళీ రాలేదు.

చాలామంది చేసినట్టు అత్త కూడా నవ్వుతూ పుచ్చుకుని, అనుమానంతో దొడ్లో పారబోసి ఉంటే, అవతలి ఇంట్లో ఒక్క పురుగు మిగిలేది కాదు. అందుకే పిల్లలకు చెబుతుంటాను, అనుమానముంటే ఎదుటనే అడగండి, అడిగి కూర్చోబెట్టి కాఫీ ఇవ్వండి, చాటున మాత్రం పెట్టుకోవద్దు అని. ఆ తరువాత నేనూ తోడికోడలూ ఒకరికొకరు ఏమిచ్చుకున్నా, ఇది యాడిది, ఎవురిచ్చిరి అని అడిగాకే తిన్నాం, గట్టు గొడవ కూడా అలాగే ఎదురెదురుగా అరుచుకుని తీర్చుకున్నాం.

అత్త ఎప్పుడో పోయింది. తోట ఉన్నచోట ఇళ్ళ సైట్లు వేశారు. మొన్న వేసవిలో తోడికోడలూ పోయింది. ఇప్పుడు నేనేం చెప్పినా అందరూ సరేనమ్మా అని తలూపుతారు, నా కడుపున పుట్టినవాళ్ళు కూడా, ఆ సరే వెనక ఏముందో నాకు తెలియదు. నిజంగానేనా అక్కా నువ్వు చెప్పేది, అని నా ముఖం మీదే అడిగే మనిషి నాకిక ఒక్కతీ లేదు.