నిమ్మకాయ కట్టిన డ్రోను

ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కలిసి ఒక మనిషి పరువును ఎంత ఎత్తుకు తీసుకెళ్లగలవో మీరు చూసి ఉండరు. నేను చూశాను. నాతోపాటు మోస్రాలో సగం ఊరు మెడలెత్తి మరీ చూసింది. తప్పంతా నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను, ఎందుకంటే చివరిదాకా చదివితే మీరూ అదే అంటారు.

నాలుగేళ్ల కిందటి మాట. నిజామాబాద్‌లో, కంఠేశ్వర్ దగ్గర, సెల్‌ఫోన్లకు అద్దాలు అతికించే దుకాణం నడిపేవాణ్ని. ఒకరోజు డ్రోనుతో పొలానికి మందు కొట్టే వీడియో చూశాను. అంతే, మెదడుకు రెక్కలు మొలిచాయి! దుకాణం అమ్మేసి డ్రోను కొన్నాను. పదిరోజులు శిక్షణ తీసుకున్నాను. అందులో డ్రోను నడపడం నేర్చుకున్నది పావు వంతు, దాని గురించి ఉపన్యాసాలివ్వడం నేర్చుకున్నది ముప్పావు వంతు.

మోస్రాలో గంగారెడ్డి పటేల్‌ది పెద్ద వరి పొలం. ఆ పొలానికీ, చుట్టుపక్కల పొలాలకూ ముప్పై ఏళ్లుగా మందు కొట్టేది పోశెట్టి. వీపున పంపు, తలకు తువ్వాల, నోట్లో వేపపుల్ల. పటేల్ నాతో ఒకే మాట అన్నాడు: "ఒక్కపారి ఎగిరేసి సూపెట్టు. మంచిగ కొడితే ఈ పంట సంది పని నీకే."

అంటే నా డ్రోను లేస్తే పోశెట్టి పంపు దిగినట్టే. ఆయన ఇంటి పొయ్యి వెలిగేది ఆ పంపు మీదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, గట్టు మీద పదిమంది ముందు ఆయనతో ఏమన్నానో వినండి.

"పోశన్నా, ఇగ నీ పంపు అటుక మీద పెట్టు. రేపటి సంది మిషన్ల కాలం."

"మరి నేనేం జెయ్యాలె బిడ్డా?"

"ఫికర్ జెయ్యకు. మిషన్లు వస్తే పాత పనులు పోతయ్, కొత్త కొలువులు వస్తయ్."

"ఏం కొలువులు?"

ఇది శిక్షణలో చెప్పలేదు. "అవి... వచ్చినంక తెలుస్తది" అన్నాను.

"రాని బస్సుకు టికెట్ కొడ్తున్నవ్ గదరా!" అన్నాడు పోశెట్టి. గట్టంతా నవ్వింది. నాకు మండింది. చూపిస్తాను ఆగండి అనుకున్నాను. చూపించాను కూడా.

ఇక నిమ్మకాయ కథ. మరునాడు పొద్దున ఇంటి నుంచి బయలుదేరుతుంటే అవ్వ, అంటే మా అమ్మ, గుమ్మానికి అడ్డం నిలబడింది.

"కొత్త బండి. పది మంది కండ్లు పడ్తయ్. నిమ్మకాయ కట్టకుండ ఎట్ల తీస్తవ్‌రా?"

"అవ్వా, ఇది ఆటో గాదు. రోబో."

"రోబోకు దిష్టి తగలదని ఎవలు జెప్పిండ్రు?"

ఆలోచిస్తే, నిజంగానే ఎవరూ చెప్పలేదు. ఆటోకు కడతాం, ట్రాక్టరుకు కడతాం, వరికోత మిషన్‌కు కడతాం. ఎగిరేదానికి కట్టకపోతే ఎలా? ఆటోకైతే బంపరు కింద కడతారు. దీనికి బంపరు లేదు. కాబట్టి పొట్ట కింద, సరిగ్గా నడుమ, జానెడు దారంతో వేలాడదీశాను. అక్కడ ఒక నల్లటి గుండ్రటి అద్దంలాంటిది ఉంది. నేల ఎంత దూరంలో ఉందో డ్రోను దానితోనే కనిపెట్టి, పైరుకు కాస్త ఎత్తులో నిలబడుతుంది. ఈ ముక్క శిక్షణలో చెప్పారు. అప్పుడు నేను నా డ్రోనుకు మంచి పేరు వెతుక్కుంటున్నాను.

పొలం దగ్గర పోశెట్టి వంగి చూశాడు. "అరే నరేషూ, గది దాని కన్ను లెక్కున్నది. కన్నుకు అడ్డం కడ్తివేందిరా?"

"పోశన్నా, పంపు గురించి నీకెరుక. దీని గురించి నాకెరుక."

పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ? డ్రోను పైలెట్‌కేం తెలుసు నిమ్మకాయ దెబ్బ?

బటన్ నొక్కాను. లేచింది! దుమ్ము లేచింది, ఈలలు లేచాయి, నా రొమ్ము రెండంగుళాలు లేచింది. వేపనూనె కలిపిన నీళ్లు తుంపరగా రాలుతుంటే పటేల్ "శభాష్!" అన్నాడు. అప్పుడు డ్రోను కిందికి చూసింది. జానెడు దూరంలో నేల కనబడింది, నిమ్మకాయంత నేల. అమ్మో, తగిలేస్తున్నానని పైకి లేచింది. మళ్లీ చూసింది. నేల కూడా వెంటే వచ్చింది! ఇంకా లేచింది.

"ఎంత మీదికి పోతదిరా?" అన్నాడు పటేల్.

"ఇగ ఆగుతది పటేలా."

"కొంగంత అయింది!"

"ఇగ ఆగుతది."

"పిట్టంత అయింది గదరా!"

"ఇగ..."

"ఈగంత," అన్నాడు పోశెట్టి, వేపపుల్ల తీసి.

పోతూ పోతూ అది మందు కొట్టడం మాత్రం మానలేదు. పటేల్ తెల్లంగీ మీద పడింది, ఛాయ్ కెటిల్‌లో పడింది, నోరు తెరిచి చూస్తున్నవాళ్ల నోట్లో పడింది. ఆ రోజు మోస్రాలో వరికి తప్ప అందరికీ మందు పడింది.

డ్రోనును చేతి అదుపులోకి తెచ్చుకునే బటన్ ఒకటుంది. అది నాకు గుర్తొచ్చింది, మరుసటి రోజు. అప్పుడు మాత్రం రిమోట్‌కు దండం పెడుతూ "దిగు తల్లీ, దిగు" అని బతిమాలాను. గాలి దాన్ని బోధన్ రోడ్డు వైపు తోసింది. బ్యాటరీ అయిపోయినట్టుంది, అక్కడ చెరకు తోటలోకి దిగి మాయమైంది.

చెరకు రెండు నిలువుల ఎత్తు. ఆకులు కత్తులు. నేను లోపలికి దూరి, పావుగంట తిరిగి, దూరిన చోటు నుంచే బయటికి వచ్చాను, మొహం నిండా గీతలతో. దుకాణం లేదు, డ్రోను లేదు. గట్టు మీద కూలబడ్డాను. ఒకరి కడుపు మీద కొట్టబోయినవాడికి తన కడుపు అప్పుడు గుర్తొచ్చింది.

పోశెట్టి నన్ను ఒకసారి చూశాడు. మొహం పైకెత్తి గాలి పీల్చాడు. ముప్పై ఏళ్లు మందుల మధ్య బతికిన ముక్కు అది. వేపనూనె వాసన పట్టుకుని, వీపున పంపుతోనే చెరకులోకి నడిచాడు. అరగంటకు బయటికి వచ్చాడు. పంపు చేతిలో ఉంది. పంపు పట్టీలతో కట్టిన డ్రోను వీపు మీద ఉంది, తప్పిపోయి దొరికిన మేకపిల్లలా. కింద నిమ్మకాయ ఊగుతోంది, దానికి గీత కూడా పడలేదు.

"తప్పయింది పోశన్నా," అన్నాను. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

"నువ్వు జెప్పింది నిజమే బిడ్డా," అన్నాడాయన, చెమట తుడుచుకుంటూ. "మిషన్లు వస్తే కొత్త కొలువులు వస్తయ్."

ఈసారి అడగడం నా వంతు. "ఏం కొలువులు?"

"తప్పిపోయిన మిషన్లను దేవులాడి తెచ్చే కొలువు. ఈ ఇలాకల నేనొక్కన్నే ఉన్న."

పటేల్ వేపనూనె అంగీ పిండుకుంటూ తీర్పు చెప్పాడు: "ఈ పంటకు పంపే." మరుసటి పంటకు డ్రోను కూడా వచ్చింది, పోశెట్టి ముందు నడిచి గాలి ఎటుందో, పురుగు ఎక్కడుందో చెబితేనే లేవాలన్న షరతు మీద. ఇంట్లో అవ్వ మాత్రం డ్రోనును తడిమి చూసి, "నిమ్మకాయ ఉండబట్టే అంత మీదికెల్లి పడ్డా పలగలే" అని తేల్చేసింది.

కాబట్టి పాఠకులారా, గట్టు మీద నిలబడి, మోస్రా వరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: నీ పని పోతుందని ఇక ఏ మనిషితోనూ అనను. నిమ్మకాయ ఇంకా కడుతున్నాను, కానీ డ్రోనుకు కాదు. పోశన్న సలహా మీద నా అంగీ గుండీకి. దిష్టి కోసం కాదట, నోరు తెరవబోయినప్పుడల్లా కిందికి చూసుకోవడానికట.