శరత్కాలపు బీరుకి ఇద్దరి మార్కులు

వీధిలో ఆమెను అందరూ ఎందుకమ్మ అనేవారు. తన లాండ్రీకి చొక్కా ఇవ్వడానికి వచ్చినవాణ్ణి కూడా ఊరికే పంపేది కాదు. "కాలరు ఒకవైపే ఇంతగా అరిగిందేం బాబూ? ఎప్పుడూ ఎడమకే తిరిగి చూస్తారా?" అని అడిగేది. నిజంగా తెలుసుకోవాలనే అడిగేది కాబట్టి ఎవరికీ కోపం వచ్చేది కాదు. ఆలస్యం మాత్రం అయ్యేది.

లాండ్రీ పక్కన ఖాళీగా పడున్న టైర్ల గోడౌన్‌ను ఒకాయన అద్దెకు తీసుకుని చిన్న బీరు కార్ఖానా పెట్టాడు. స్టీలు ట్యాంకులు దిగాయి. పైపులు బిగించారు. ఒకరోజు పొద్దున గోడ అవతలి నుంచి ఒక వాసన వచ్చి ఇస్త్రీ ఆవిరిలో కలిసింది. బాగా కాలిన రొట్టె అంచులా ఉంది, కాస్త తేనెలానూ ఉంది. ఎందుకమ్మ ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపేసి, ముక్కు ఎటు లాగితే అటు నడిచి గోడౌన్ గుమ్మంలో తేలింది.

"ఏం కాలుస్తున్నారు తమ్ముడూ?"

మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు తొడుక్కున్న బీరాయన నవ్వాడు. "కాల్చడం కాదక్కా, కాస్తున్నాను. మొలకెత్తించి వేయించిన బార్లీ. జర్మనీ పద్ధతి బీరు. మార్చిలో కాచి, ఎండాకాలమంతా చల్లగా నిద్రపుచ్చి, అక్కడ ఆకులు రాలే శరత్కాలంలో బయటికి తీస్తారు. మార్ట్సెన్ అంటారు. అంటే మార్చి బీరు."

"మార్చి బీరైతే మార్చిలోనే తాగొచ్చుగా? అన్నాళ్లు నిద్రెందుకు?"

"వెనకటికి వాళ్లకి ఎండల్లో బీరు కాస్తే పాడైపోయేదట. అందుకని ముందే కాచి నేలమాళిగల్లో దాచుకునేవాళ్లు. దాచేసరికి రుచి నెమ్మదించింది. ఆ రుచి అలవాటైపోయింది."

ఆ జవాబు ఆమెకు ఎంత నచ్చిందంటే, ఆ పూట వచ్చినవాళ్లందరికీ బట్టలతో పాటు దాన్ని కూడా మడతపెట్టి ఇచ్చింది.

శరత్కాలం రాగానే బీరాయనే లాండ్రీకి వచ్చాడు. చుట్టుపక్కల చిన్న కార్ఖానాల వాళ్లంతా తమ తమ శరత్కాలపు బీర్లు పంపుతారట. ఏ గ్లాసులో ఎవరిదో చెప్పకుండా కొందరికి రుచి చూపించి మార్కులు వేయిస్తారట.

"నువ్వు కూడా రావాలక్కా."

"నేనా? నా జన్మలో బీరు ముట్టలేదు!"

"ముట్టనివాళ్లూ ఒకరుండాలి. తాగి తాగి అలవాటు పడ్డవాళ్లం మాకు కొన్ని కనపడవు."

ఇంట్లో అలవాటు చేసుకోమని లేబుళ్లు తీసేసిన సీసాలు కొన్ని సంచీలో పెట్టి ఇచ్చాడు. ముందు వెలుతురుకు పట్టి రంగు చూడాలి, తర్వాత వాసన, ఆ తర్వాతే గుక్క, మధ్యలో మంచినీళ్లు, చివర పదికి మార్కులు. "అన్నట్టు, వీటిలో ఒకదాన్ని కావాలనే ఎండలో పెట్టి చెడగొట్టాను. ఏదో నువ్వే పట్టుకో," అని వెళ్లిపోయాడు.

ఆమె భర్త సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పటికీ అందరికీ డ్రైవరుగారే. సాయంత్రం వంటింటి బల్ల మీద గ్లాసులు చూసి ఆయన కనుబొమలు పైకి లేచాయి. ఫోనులో ఉన్న ఆడపడుచుకు సంగతి తెలిసి, "ఈ వయసులో మా అన్నయ్యని చెడగొడుతున్నావా వదినా?" అని నవ్వింది. "మీ అన్నయ్య నేను రాకముందే చెడ్డాడులే," అని ఎందుకమ్మ ఫోను పెట్టేసింది.

మొదటి గ్లాసులో బీరు రాగిరంగులో ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఆనాటి ఆ రొట్టె వాసనే, ఈసారి చల్లగా. గుక్క వేస్తే ముందు తియ్యగా తగిలి, మింగాక నాలుక చివర చిన్న చేదు మిగిలింది. "ఇది ముందొక మాట, వెనకొక మాట చెబుతోందండీ," అంది ఆశ్చర్యంగా. డ్రైవరుగారు తాగి, "బాగుంది. ఏడు," అన్నారు. రెండోదానికీ ఏడే. మూడోది మూత తీయగానే ఎందుకమ్మ ముక్కు మూసుకుంది. కాలిన రబ్బరు మీద పిల్లి పోసినట్టుంది. చెడగొట్టిన సీసా అదేనని చిన్నపిల్లకైనా తెలుస్తుంది.

డ్రైవరుగారు అది కూడా నింపాదిగా తాగి మూతి తుడుచుకున్నారు. "ఇదీ బాగుంది. ఏడు."

ఆటపట్టిస్తున్నారనుకుంది. కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. ఆమె లోపల పురుగు తొలచడం మొదలైంది. మొన్నామధ్య స్టవ్ మీద పాలగిన్నె నల్లగా మాడిపోతుంటే ఈయన పక్క గదిలోనే ఉన్నారు. అడిగితే కునుకు పట్టిందన్నారు. చేతిలో పేపరుతో, కళ్లజోడు పెట్టుకుని కునుకేమిటి?

మర్నాడు ఆయన పేపరు చదువుతుండగా పాత గుడ్డముక్క మీద వేడి ఇస్త్రీపెట్టె ఉంచి, కమురు కంపు గదంతా నిండేదాకా ఆయన వెనకే నిలబడింది. లాండ్రీ నడిపే ఇంట్లో ఆ వాసనకు ఎవరైనా ఎగిరి గంతేస్తారు. ఆయన తీరిగ్గా పేజీ తిప్పారు.

"ఏమండీ, మీకు వాసన తెలియట్లేదా?"

పేపరు కిందికి దిగింది. "ఆ జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి," అన్నారు.

"పోయినేడాది జ్వరమా! ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే?"

"ఏమని చెప్పను? నువ్వు వండింది నోట్లో పెట్టుకుంటే గడ్డి నమిలినట్టుందని చెప్పనా? బాగుంది బాగుంది అని రోజు గడిపేశాను. అదే వచ్చేస్తుందిలే అనుకున్నాను. రాలేదు. చెబితే నువ్వు ప్రశ్నలతో నా ప్రాణం తీస్తావు."

ఆమెకు జాలేసింది. కోపం కూడా వచ్చింది. తను ఉప్పు మార్చినా, పోపు మార్చినా ఆ 'బాగుంది' నమ్మి మురిసిపోయిందే! "గ్యాసు లీకైతే ఏం చేద్దామనుకున్నారు?" అని గట్టిగా అరిచేసింది. తర్వాత ఆయన పక్కన కూర్చుంది. కోపం చల్లారేకొద్దీ, దాని అడుగు నుంచి ఆమె సహజగుణం తల ఎత్తింది.

"అసలేమీ తెలియదా? మరి నిన్న తాగినప్పుడు నోట్లో ఏం తెలిసింది?"

ఆ సంగతి అప్పటిదాకా ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా తనను తాను అడగలేదు. "తీపి తెలుస్తుంది. చేదు తెలుస్తుంది. బీరులోని గ్యాసు నాలుకను గుచ్చుతుంది. మొదటిది గొంతులో బరువుగా దిగింది, లోడు బస్సు ఎత్తు ఎక్కినట్టు. రెండోది ఖాళీ బస్సు. జారిపోయింది."

"మరి రెండిటికీ ఏడేనా?"

"మార్కులు వాసనకనుకున్నాను," అన్నారాయన సిగ్గుపడుతూ.

ఆ వారంలోనే ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. రావచ్చు, రాకపోవచ్చు, ఏదీ ఖాయంగా చెప్పలేనన్నాడు డాక్టరు. నిమ్మతొక్క, లవంగం లాంటివి రోజూ పొద్దునా సాయంత్రం వాసన చూడమన్నాడు. వంటింట్లో గ్యాసు లీకైతే కూత పెట్టే పెట్టె ఒకటి బిగించుకోమన్నాడు. పెట్టె ఆరోజే బిగిసింది.

రుచి చూసే రోజున గోడౌన్‌లో పొడవాటి బల్ల వేసి, తెల్ల కాగితం పరిచి గ్లాసులు పెట్టారు. ఎందుకమ్మ వెంట డ్రైవరుగారు కూడా వచ్చారు. సంగతి విని అక్కడున్న హోటలు వంటమాస్టరు, "వాసన తెలియని మనిషి మార్కులేస్తే, కళ్లు లేనివాడు రంగులు ఎంచినట్టే," అన్నాడు. అందులో కొంత నిజముందని డ్రైవరుగారే ఒప్పుకున్నారు. చివరికి, ఆయన మార్కులు మొత్తంలో కలపకూడదు, మాట మాత్రం వినొచ్చు అని బీరాయన తేల్చాడు.

నాలుగో గ్లాసు దగ్గర దంపతులకు చెడింది.

"అబ్బ, ఎంత బాగుందో! బెల్లం పాకం, రొట్టె, ఏదో కొయ్య వాసన కూడా ఉంది," అని ఎందుకమ్మ తొమ్మిది వేసింది. వంటమాస్టరూ తొమ్మిదే వేశాడు.

"నాకు ఐదు," అన్నారు డ్రైవరుగారు. "తీపి గొంతులో దిగబడిపోతోంది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి విసుగొస్తుంది."

"రెండు గుక్కలకే గ్లాసు సంగతి ఎలా తెలిసిందండీ?"

"నువ్వు ఇంకా వాసన చూస్తూనే ఉన్నావు. నేను తాగేశాను."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. వంటమాస్టరు తన గ్లాసు పూర్తిగా తాగాడు. తాగాక కూడా తొమ్మిది తొమ్మిదిగానే ఉంచాడు. ఆ నాలుగో గ్లాసు బీరాయన సొంత బీరని చివర్లో తెలిసింది. మొత్తంలో దానికి రెండో స్థానం వచ్చింది. బీరాయన సంతోషించాడు గానీ, అందరూ వెళ్లాక డ్రైవరుగారి పక్కకు స్టూలు లాక్కుని, "తీపి ఎక్కడ ఆగింది బావగారూ? నాలుక మీదా, గొంతులోనా?" అని అడగడం మొదలుపెట్టాడు. ఎందుకమ్మకు ముచ్చటేసింది. ఇంట్లో నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, చేతులు తిప్పుతూ చీకటి పడేదాకా మాట్లాడాడు.

మరుసటి మార్చిలో బీరాయన తీపి తగ్గించి కాచాడు. శరత్కాలానికి ఆ బీరు బయటికి వచ్చింది. డ్రైవరుగారు ఎనిమిది వేశారు. ఎందుకమ్మ ముఖం చిట్లించి, "పోయినేడాదిదే బాగుంది. మీ మాట విని మంచి బీరు పాడుచేశాడు," అంది. ఆ తగువు నేటికీ తెగలేదు.

ఆ ఏడు రుచి చూసిన రోజునే ఇంకొకటి జరిగింది. ఎవరో కొత్త కార్ఖానా వాళ్ల గ్లాసు ఎత్తిన డ్రైవరుగారు తాగకుండా ఆగిపోయారు. గ్లాసు దించి, మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏమైందండీ?"

"ఏదో ఉంది."

"ఏముంది? రొట్టెనా? తేనెనా?"

"తెలియడం లేదు. పేరు రావట్లేదు. కానీ ఏదో ఉంది." మళ్లీ వాసన చూశారు. "పోయింది."

ఎందుకమ్మ ఆ గ్లాసు లాక్కుని తానూ వాసన చూసింది. మామూలు వాసనే, గడ్డివాములా, పలచగా. తను నాలుగు వేసింది. బల్ల మీద ఎవరూ ఐదు దాటలేదు. డ్రైవరుగారు మాత్రం పది వేసి, తాపీగా ఆ గ్లాసు ఖాళీ చేశారు.