వెనక్కి పాసు

విశాఖకు తిరుగు విమానం ఎక్కడానికి శంషాబాద్ వెళ్తున్నాను. క్యాబ్ అద్దానికి నేను అభిమానించే లండన్ ఫుట్‌బాల్ క్లబ్ జెండా వేలాడుతోంది.

"మనోళ్లు మళ్ల ఓడిన్రు అక్కా," అన్నాడు డ్రైవర్ నర్సింలు. లండన్ ముఖం చూడకపోయినా నేనూ "మనవాళ్లు" అనే అంటాను. "ఆ మేనేజర్‌ను పీకెయ్యాలె. ఊకె ఎన్కకు పాసులేంది?"

నేను ఊరుకుంటానా? "ఓపిక ఉండాలయ్యా! వెనక్కి ఆడితేనే ముందుకు దారి దొరుకుతుంది."

వాదన గోల్‌కీపర్ దాకా వచ్చేసరికి ఎయిర్‌పోర్ట్ మలుపు దాటిపోయాం. ఇంకో ఇరవై నిమిషాల్లో చెకిన్ మూసేస్తారు.

"తిప్పవయ్యా, త్వరగా!" అని అరిచాను.

నర్సింలు తాపీగా యూటర్న్ వెతుకుతూ అన్నాడు: "జర ఓపిక పట్టున్రి అక్కా. ఎన్కకు పోతేనే గదా దారి దొరికేది!"