చెస్టర్ కోట బయట దుకాణాలు

అమెరికాలోని క్యారీలో మా అమ్మాయి ఇంటికి వచ్చిన రెండో నెలలో, స్కూల్లో లాటిన్ నేర్చుకుంటున్న మనవరాలికి ఒక ప్రాజెక్ట్ ఇచ్చారు. రోమన్లు బ్రిటన్‌లో కట్టిన చెస్టర్ కోట నమూనా చేసి, దాని చరిత్ర క్లాసులో చెప్పాలి. నేను సికింద్రాబాద్‌లో తెలుగు మీడియం పిల్లలకు ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినదాన్ని. పిలవకుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

ఆదివారం మధ్యాహ్నానికి అట్టముక్కలతో గోడలు, నాలుగు ద్వారాలు, సైనికుల గదులు, ధాన్యం కొట్లు లేచాయి. పక్కన నీలం కాగితంతో డీ నది. అయినా నాకేదో వెలితిగా తోచింది.

"దుకాణాలేవే?" అన్నాను.

"ఫోర్ట్‌లో షాప్స్ ఉండవు అమ్మమ్మా. ఓన్లీ సోల్జర్స్."

"లోపల కాదు, గేటు బయట. అంతమందికి చెప్పులెవరు కుట్టిన్రు? కూరలెవరు అమ్మిన్రు?"

పుస్తకం తిరగేసింది. నిజంగానే ఉంది: గోడల బయట వర్తకుల ఇళ్ళు, సైనికుల ఆడవాళ్ళు, పిల్లలు. ఇద్దరం కలిసి కందిపప్పు అట్టపెట్టె కత్తిరించి చిన్న చిన్న ఇళ్ళు అతికించాం.

"రోమన్ ఆర్మీ వెళ్ళిపోయింది కదా, మరి చెస్టర్ సిటీ ఇప్పటికీ ఎలా ఉంది?" అని అడిగింది.

"ఇళ్ళు కట్టుకున్నోళ్ళు అందరూ యాడికి పోతరు బిడ్డా?"

చెస్టర్ అనే పేరు లాటిన్‌లో సైన్యం విడిది అనే మాట నుంచి వచ్చిందని తనే చెప్పింది. నాకు ఒళ్ళు ఝల్లుమంది.

"మా సికింద్రాబాద్‌ను ఇప్పటికీ లష్కర్ అంటరు. అదీ ఫౌజు మాటే, తెల్లోళ్ళ దండు దిగిన ఊరు కదా!"

క్లాసు రోజున నేనూ వెళ్ళాను. మనవరాలు సగం చెప్పి, "మా అమ్మమ్మ ఇలాంటి ఊళ్ళోనే పెరిగింది" అని ఇంగ్లిష్‌లో అని నావైపు చూసింది. టీచరమ్మ రమ్మని సైగ చేసింది. ఇంగ్లిష్‌లో పాఠం చెప్పడం అదే మొదటిసారి. కంటోన్మెంట్‌లో పొద్దున్నే ఊదే బ్యూగిల్ విని మా అమ్మ పొయ్యి వెలిగించేదని, ఆ ఫౌజు కోసమే మా బజార్ వెలిసిందని చెప్పాను. ఒక అమ్మాయి చెయ్యెత్తి, ఆ బ్యూగిల్ ఎలా మోగేదని అడిగింది. నోటితోనే ఊది వినిపించాను. క్లాసంతా నవ్వింది, నేనూ నవ్వాను.

తిరిగి వస్తుంటే కార్‌లో మనవరాలు, "అమ్మమ్మా, నువ్వు మార్కెట్ అనకుండా బజార్ అని టెన్ టైమ్స్ అన్నావ్. బట్ అందరికీ అర్థమైంది" అంది.

ఇంటికొచ్చి ఇద్దరం పెరుగన్నం రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాం.