అక్కకి ఎంచిన ప్రాసెసర్

తూకాలాయనకి సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాంతో ఎవరికీ పనిపడలేదు. కొట్లలో, గోదాముల్లో, మందుల ఫ్యాక్టరీల్లో తూకం యంత్రాలు సరిగ్గా చూపిస్తున్నాయో లేదో పరీక్షించి చీటీ రాసివ్వడం ఆయన ఉద్యోగం. పడికట్టు రాళ్ళ పెట్టె ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడంటే కొట్టువాళ్ళు కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, మొహంలోకి చూస్తూ కూర్చునేవారు. ఆయన ముందు తెల్ల నూలు తొడుగులు వేసుకుని, తర్వాతే పెట్టె తెరిచేవాడు. వేలి జిడ్డు కూడా బరువేనని ఆయన పట్టుదల. ఆ మాట చెప్పి చెప్పి ఇంటిల్లిపాది చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

పుస్తకంలో నాలుగు గడులుండేవి. యంత్రం చూపించింది, చూపించాల్సింది, తేడా, కారణం. తప్పు రాస్తే చెరపకూడదు. ఒకే ఒక్క గీత కొట్టి, పాత మాట చదవడానికి వీలుగా ఉంచి, పైన సరైనది రాసి పక్కన సంతకం పెట్టాలి. ఇరవై ఏళ్ళలో ఆ పుస్తకంలో ఒక్క దొంగ అంకె పడలేదు. ఇది ఆయన గొప్ప కోసం చెప్పడం లేదు. నలుగురి తూకాలూ సరిచేసే మనిషి సొంతింట్లో ఏం చేశాడో చెప్పాలంటే ముందు ఇది చెప్పక తప్పదు.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి కంప్యూటర్ ఆటలు. నలభై దాటాయి, ముందు జుట్టు వెనక్కి జరిగింది, అయినా సాయంత్రమయ్యేసరికి తెర ముందు తుపాకీ పట్టుకుని గోడల చాటున నక్కి తిరగాలి. మేడ మీద తన గదిలో ఉన్న కంప్యూటర్ ముసలిది. శత్రువు వచ్చి, కాల్చి, చంపి వెళ్ళిపోయాక గానీ వాడు వచ్చిన బొమ్మ తెర మీద పడేది కాదు. అందుకని ఆడటం కంటే కొత్త ప్రాసెసర్ల గురించి చదవడమే ఎక్కువయింది. ఏది ఎన్ని కోర్లది, ఏది ఎంత వేడెక్కుతుంది, అన్నీ నోటికి వచ్చు. బంధువుల్లో ఎవరింట ప్రింటర్ మొరాయించినా కబురు ఆయనకే వెళ్ళేది.

కింద వాటాలో అక్కా బావా ఉండేవారు. ఆయనకంటే ఆరేళ్ళు పెద్దదైన ఆ అక్క యంత్రాల కడుపులో ఏం జరుగుతుందో చూపించే చిన్న చిన్న సినిమాలు చేసేది. నీళ్ళ పంపు ఎలా లాగుతుంది, తాళంలో పళ్ళు ఎలా కదులుతాయి, ఇలాంటివి. కొత్తగా చేరిన మెకానిక్కులకి కంపెనీలవాళ్ళు అవి చూపించి నేర్పించేవారు. ఒక్క నిమిషం సినిమాకి పదిహేను వందల బొమ్మలు కావాలి. ఆవిడ పంపుని కట్టి, లైట్లు అమర్చి మీట నొక్కితే, ఒక్కో బొమ్మలో వెలుగెంతో నీడెంతో లెక్కగట్టి గీయడం కంప్యూటర్ పని. ఆవిడ వాడే సాఫ్ట్‌వేర్ ఆ లెక్కంతా తెచ్చి ప్రాసెసర్ నెత్తినే పెడుతుంది. దానికి ఎన్ని కోర్లుంటే పనిలో అన్ని చేతులు.

ఆవిడ పాత కంప్యూటర్ ప్రాణం వదిలేసిన రోజున తమ్ముణ్ణి పిలిచి, "ఒరేయ్, నాకీ గొడవలేం అర్థం కావు. నువ్వు ఏది చెబితే అదే" అంది.

కొట్టులో బల్ల మీద రెండు పెట్టెలు పెట్టారు. ధర ఇంచుమించు ఒకటే. ఒకదాంట్లో పదహారు కోర్లు. ఇంకోదాంట్లో ఎనిమిదే గానీ, ఆటలకి పనికొచ్చే సరుకుని చేతికందేట్టు దాచుకునే పెద్ద అర దాని లోపలే ఉంది. ఆటల్లో దాన్ని కొట్టేది లేదని ఆయన ఏడాదిగా చదువుతున్నాడు.

"గేములకా సార్, పనికా?" అన్నాడు కొట్టువాడు.

"రెండిటికీ."

"ఎక్కువ దేనికి?"

అక్క అవతల రంగురంగుల ఫ్యాన్లు తిరుగుతుంటే చూస్తోంది. తూకాలాయన కాసేపు పెట్టెల వైపే చూశాడు. ఏది అక్కకి పనికొస్తుందో ఆయనకి తెలియక కాదు. బడిపిల్లల్ని అడిగినా చెప్పేస్తారు. తను సాయంత్రాలు కిందికి వచ్చి కూర్చుంటే ఎలా ఉంటుందో అప్పటికే కళ్ళ ముందు ఆడుతోంది. ఎనిమిది కోర్లది చూపించి, "ఇది ఇచ్చెయ్యండి" అన్నాడు.

"మంచిదేనా?" అంది అక్క.

"కొత్తగా వచ్చింది అక్కా. చాలా వేగం."

అబద్ధం కూడా కాదు, అదే వచ్చిన చిక్కు. అబద్ధమే అయితే ఆ పూటే గొంతులో అడ్డం పడేది. పైగా తన ముసలి కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు ఊడదీసి ఊరికే తెచ్చి బిగించాడు. బావ బడిలో లెక్కల మాష్టారు. మాష్టార్లందరి దగ్గరా బామ్మర్ది గురించి వారం రోజులు చెప్పుకున్నాడు.

సాయంత్రం ఆరింటికి అక్క కుర్చీ ఖాళీ చేసేది, తూకాలాయన కూర్చునేవాడు. ఆట నీళ్ళలా సాగేది. కాకపోతే చాలా రోజులు ఆరయినా బొమ్మలు గీయడం పూర్తయ్యేది కాదు. తెర మీద అంకె ఎనభై శాతం దగ్గర పాకుతూ ఉండేది. ఆయన వెనకాల నిలబడి కాలు మార్చి కాలు మార్చి చూసేవాడు. ఒక రోజు ఉండబట్టలేక అనేశాడు.

"ఇంకా అవలేదా అక్కా? నువ్వు లైట్లు ఎక్కువ పెట్టేస్తున్నావు. అసలు నీ పద్ధతే కొంచెం నిదానం."

అన్నవాడు ఆటలో పడి మర్చిపోయాడు, విన్న మనిషి మర్చిపోలేదు.

"అయితే ఎక్కడ నిదానమో ఎలా తెలుస్తుందిరా?" అని మర్నాడు అడిగింది.

"నాలాగా పుస్తకం పెట్టు. ఎంతసేపు పట్టాలి, ఎంతసేపు పట్టింది, తేడా, కారణం. రాసుకుంటూ పోతే లోపం అదే దొరుకుతుంది."

చూశారా, పాఠం కూడా చెప్పాడు. అక్క ఆ రోజే నోటుపుస్తకం తెచ్చి గళ్ళు గీసుకుంది. పొద్దున్నే అయిదింటికి లేచి కూర్చోవడం మొదలుపెట్టింది. మీటలు చకచకా నొక్కడం నేర్పే పాఠాలు ఎక్కడో దొరికితే అవి చూసి, కాగితం మీద రాసి గోడకి అంటించుకుంది. నాలుగు నెలలయ్యేసరికి కుడి మణికట్టుకి పట్టీ వచ్చింది. తూకాలాయన ఆ పట్టీ చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేవాడు, ఆట శబ్దం తగ్గించుకునేవాడు. అంతకు మించి ఏమీ చేయలేదు.

ఒక ఆదివారం పొద్దున బావ మెట్ల మీద కూర్చుని చెప్పుల అడుగులు కడుగుతూ అన్నాడు.

"మీ అక్క లిఫ్టుల కంపెనీవాళ్ళకి వద్దని చెప్పేసింది, తెలుసా?"

"ఏ లిఫ్టులు బావా?"

"పెద్ద పనయ్యా. పన్నెండు సినిమాలట. వాళ్ళే వెతుక్కుంటూ వచ్చారు. ఎన్నాళ్ళ నుంచో లిఫ్టు సినిమా చేయాలని సరదా దానికి, నీకూ తెలుసుగా. తన వేగానికి గడువులోపల కాదంది. చేసి చూడమన్నాను. తమ్ముడే అన్నాడు కదా, వాడికి తెలియదా అంది."

తూకాలాయన, చెప్పులు బాగా తెల్లబడ్డాయని ఏదో అని మేడెక్కిపోయాడు.

మర్నాడు మందుల ఫ్యాక్టరీలో పని. మిల్లిగ్రాములు తూచే యంత్రం, ఊపిరి గట్టిగా వదిలినా అంకె మారుతుంది. తేడా వచ్చింది. కారణం గడి దగ్గర కలం ఆగింది. యంత్రం పక్కనే కిటికీ తెరిచి ఉంది, గాలి వస్తోంది, కారణం అదే. రాయడానికి ఎంతసేపు? ఆ గడిలోకి చూస్తుంటే మణికట్టు పట్టీ కనబడింది. ఇరవై ఏళ్ళుగా నలుగురి తప్పులూ నిక్కచ్చిగా రాస్తున్న తన చెయ్యి మీద ఆయనకే అసహ్యం వేసింది. "ఏం సార్, పెద్ద లోపమా?" అని అక్కడి మేనేజరు కంగారుపడ్డాడు.

"కాదు, కిటికీ మూయించండి చాలు" అని రాసిచ్చి బయటపడ్డాడు.

అక్కకి చెప్పేద్దామనే ఇంటికి బయల్దేరాడు. గుమ్మం దాకా వచ్చాక ధైర్యం చాల్లేదు. చెప్పకుండానే సరిచేయొచ్చు కదా అనే బుద్ధి పుట్టింది. మనిషికి ఇలాంటి సమయాల్లోనే తెలివి వస్తుంది. రెండు ప్రాసెసర్లూ ఒకే రకం బోర్డులో కూర్చుంటాయి. ఆ తర్వాతి ఆదివారం అక్కా బావా పెళ్ళిచూపులకో ఎక్కడికో వెళ్ళినప్పుడు, ఎనిమిది కోర్లదాన్ని కొట్టువాడికే మారకం ఇచ్చేట్టు మాట్లాడుకుని, పైన పడ్డది తన జేబులోంచి వేసుకుని పదహారు కోర్లది తెచ్చాడు. పడికట్టు రాళ్ళ తొడుగులే వేసుకున్నాడు. ఫ్యాన్ మరలు విప్పి, వేడి లాగడానికి పూసి ఎండిపోయిన పేస్టు తుడిచి, పాతదాన్ని తీసి, కొత్తదాన్ని గాడిలో కూర్చోబెట్టి, బఠాణీ గింజంత పేస్టు పెట్టి బిగించేసరికి వీపంతా చెమట. కొట్టులో అక్కని మోసం చేసినప్పుడు ఇంత చెమట పట్టలేదు.

సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఫోను మోగింది.

"ఒరేయ్, ఏదో తేడా కొట్టింది. పదింటికి పెట్టాను, అప్పుడే అయిపోయిందంటోంది. ఇంత పనికి మామూలుగా సాయంత్రం నాలుగవుతుంది. సగం బొమ్మలు ఎగిరిపోయాయేమో, నువ్వొకసారి రా."

వెళ్ళేసరికి ఆవిడ మూడోసారి లెక్కపెడుతోంది. ఒక్క బొమ్మా పోలేదు. తెర మీద నీళ్ళ పంపు నిగనిగలాడుతూ తిరుగుతోంది.

"నిన్న... లోపల దుమ్ము దులిపాను అక్కా" అన్నాడు తూకాలాయన.

"దుమ్మా?" అక్క నవ్వింది. "మా తమ్ముడి చెయ్యి పడితే చాలు అంటే మీ బావ నవ్వుతారు. చూడు మరి." నవ్వుతూనే ఆగిపోయింది. పట్టీ ఉన్న చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "అయితే ఇన్నాళ్ళూ దుమ్మేనా? నేను కాదా?"

ఆ మాటతో ఆయన పని అయిపోయింది. అప్పటిదాకా నీళ్ళు నములుతున్న మనిషి ఎదురుగా స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

"దుమ్ము కాదక్కా. ప్రాసెసర్ మార్చాను. మొదట కొన్నది నీ పనికి కొన్నది కాదు. నా ఆటల కోసం కొన్నాను."

"తెలియక కొన్నావా?"

"తెలిసే. ఆ రోజు కొట్టులో రెండూ నా ముందే ఉన్నాయి."

"మరి నిదానమన్నావు?"

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన ఎంత అనుకున్నాడో. తెర మీద పంపు ఆపకుండా తిరుగుతూనే ఉంది. ఆవిడ లేచి అలమరలోంచి నోటుపుస్తకం తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. పట్టాల్సింది మూడు గంటలు, పట్టింది ఆరు, తేడా మూడు. కింద ఇంకో వరస, ఇంకో వరస. ఎనిమిది నెలల వరసలు. చివరి గడిలో పైనుంచి కిందదాకా ఒకటే మాట. నేను. నేను. నేను.

తూకాలాయన కళ్ళు మసకబారాయి.

"కలం ఉంది కదా జేబులో, దిద్దు" అంది అక్క. "నీ పద్ధతి ప్రకారమే దిద్దు. పాతది కనపడాలి."

ఆయన ఒక్కో 'నేను' మీదా ఒక్కో గీత కొట్టాడు. పైన 'తమ్ముడు' అని రాశాడు, పక్కన సంతకం పెట్టాడు. మొదటి పేజీ అయ్యేసరికి వేళ్ళు నొప్పెట్టాయి. అక్క పక్కన నిలబడి తనే పేజీ తిప్పింది. ఇంకోటి అయ్యాక మళ్ళీ తిప్పింది. ఆఖరి పేజీలో గంటలేమీ లేవు, ఒకే ఒక్క వాక్యం ఉంది. లిఫ్టుల పని వద్దన్నాను. ఎదురుగా కారణం గడిలో అదే 'నేను'.

తూకాలాయన దాని మీద కలం ఆనించాడు. అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"అది దిద్దకురా. నా చేతి పని ఎలాంటిదో నాకు తెలిసీ, నీ మాట నమ్మింది నేనే."

పుస్తకం తీసుకుని మళ్ళీ అలమరలో పెట్టింది. ఆయన మూత పెట్టని కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు.